గడియ ముందు మూడు క్షణాలు: కష్టమైన సామాజిక సమస్య మీద సహానుభూతి పుట్టించే నాటకం వేయడం ఎలా?

నేను మొదట చేసిన సామాజిక నాటకం గృహహింస మీద. నలభై నిమిషాల నాటకం. అందులో భర్త భార్యను వేదిక మీదే మూడుసార్లు కొడతాడు. చివరికి హాల్లో కళ్ళు తుడుచుకోని మనిషి లేడు. మా బృందమంతా పొంగిపోయాం. బయటికి వెళ్తూ ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "పాపం, ఇంకా ఇలాంటివాళ్ళు ఉన్నారంటే నమ్మలేకపోతున్నానండీ" అంది. ఆ నిమిషానికి అది మెచ్చుకోలే అనుకున్నాను. రాత్రి మాత్రం నిద్రపట్టలేదు. "ఇలాంటివాళ్ళు" అన్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది. ఆ భార్యను ప్రేక్షకులకు దగ్గర చేశామనుకున్నాం. నిజానికి ఆమెను అద్దాల పెట్టెలో పెట్టి చూపించాం.

మర్నాడు ఇంకో సంగతి తెలిసింది. మొదటి దెబ్బకే లేచి వెళ్ళిపోయిన అమ్మాయి ఒకరు ఉన్నారట. ఆ దెబ్బ ఎలా ఉంటుందో ఆమెకు ముందే తెలుసు. అంటే, తెలియనివాళ్ళకు మా నాటకం ఒక వింతగా మిగిలింది, తెలిసినవాళ్ళకు మళ్ళీ ఒక గాయంగా మిగిలింది.

ఆ తప్పును సరిదిద్దుకుంటూ నేర్చుకున్న పద్ధతినే ఇక్కడ అడుగులుగా రాస్తున్నాను. పెద్ద హాలు, లైట్లు, డబ్బు లేకపోయినా పనికొస్తుంది. ఐదారుగురు మనుషులు, రెండు నెలల సాయంత్రాలు ఉంటే చాలు. వివరంగా చెప్పడం కోసం ఒకే ఉదాహరణను చివరిదాకా తీసుకెళ్తాను. ఒక తల్లి, మానసిక జబ్బు ఉన్న పాతికేళ్ళ కొడుకు. చుట్టాలు వచ్చిన ప్రతిసారీ ఆమె కొడుకు గదికి బయటినుంచి గడియ వేస్తుంది.

మొదటి అడుగు: ప్రేక్షకుడిలో ఏం పుట్టాలో తేల్చుకోండి

జాలి, బాధ అంటుకోవడం, సహానుభూతి, ఈ మూడూ పైకి ఒకేలా కనిపిస్తాయి. మూడింటిలోనూ కళ్ళు తడుస్తాయి. కానీ జాలిపడేవాడు కాస్త ఎత్తులో నిలబడి కిందికి చూస్తాడు. బాధ అంటుకున్నవాడికి తన గుండెల్లో బరువు దించుకోవడమే ముఖ్యమవుతుంది. అందుకే లేచి వెళ్తాడు, ఫోన్ తీస్తాడు, లేదా గట్టిగా ఏడ్చేసి తేలికపడి ఇంటికెళ్తాడు. సహానుభూతి కలిగినవాడు మాత్రం ఎదుటి మనిషి దగ్గరే ఉంటాడు. ఆ మనిషికి లోకం ఎలా కనిపిస్తోందో చూడడం మొదలుపెడతాడు.

డేనియల్ బాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 1997లో ప్రచురించిన ఒక ప్రయోగం ఈ తేడాను బాగా పట్టుకుంది. కష్టాల్లో ఉన్న ఒక యువతి మాటలను కొందరికి వినిపించారు. కొందరిని "ఆమెకు ఎలా ఉండి ఉంటుందో ఊహించండి" అన్నారు. ఇంకొందరిని "ఆమె స్థానంలో మీరుంటే మీకెలా ఉంటుందో ఊహించండి" అన్నారు. రెండు గుంపుల్లోనూ సహానుభూతి కలిగింది. కానీ రెండోవాళ్ళలో దాంతోపాటు సొంత ఆందోళన కూడా గట్టిగా పెరిగింది. మనం నాటకాల్లో అలవాటుగా అనే "మీ ఇంట్లో జరిగితే?" అనే డైలాగు చేసే పని ఆ రెండోదే. ప్రేక్షకుడు ఆ తల్లిని వదిలేసి తన ఇంటి గురించి టెన్షన్ పడతాడు.

మన అలంకారశాస్త్రం ఈ సంగతిని ఎప్పుడో పట్టుకుంది. భట్టనాయకుడు అనే పాతకాలపు పండితుడు దీన్ని సాధారణీకరణం, అంటే ఒకరి భావం అందరిదీ కావడం, అన్నాడు. అభినవగుప్తుడు అనే ఇంకో పండితుడు సహృదయుడు, అంటే పాత్రతో మనసు కలపగల ప్రేక్షకుడి గురించి చెప్పాడు. రంగం మీది శోకం "నాది" అనిపిస్తే చూడలేం, "పరాయివాడిది" అనిపిస్తే పట్టించుకోం. ఆ రెంటి మధ్యనే, అది ఎవరి సొంతమూ కాకుండా అందరిదీ అయ్యే చోట, కరుణరసం పుడుతుంది. కరుణ అంటే ఏడిపించడం కాదని నాకు అర్థమైంది ఈ చర్చల వల్లే. కింద రాసే ప్రతి అడుగూ ఆ మధ్య చోటును కాపాడుకోవడానికే.

రెండో అడుగు: సమస్యను కాదు, ఒక నిర్ణయాన్ని ఎంచుకోండి

"మానసిక ఆరోగ్యం మీద నాటకం" అనుకుంటే ఉపన్యాసం తయారవుతుంది. "చుట్టాలు గుమ్మంలో ఉన్నారు, బెల్ మోగింది, తల్లి చెయ్యి గడియ మీద ఉంది" అనుకుంటే నాటకం తయారవుతుంది. ఆ మూడు క్షణాల్లో ఆమె ముందు రెండు దారులున్నాయి. రెండింటిలోనూ నష్టం ఉంది. గడియ వేస్తే కొడుకును అవమానించినట్టు. వెయ్యకపోతే రేపు కూతురి పెళ్ళి మాట ఆగిపోవచ్చు, కొడుకే నలుగురి ముందు నవ్వులపాలు కావచ్చు.

బాధను చూస్తున్నప్పుడు మనం చూసేవాళ్ళమే. నిర్ణయాన్ని చూస్తున్నప్పుడు తెలియకుండానే మన మనసూ ఏదో ఒక వైపుకు మొగ్గుతుంది. వేస్తుందా, వెయ్యదా? వెయ్యకూడదమ్మా! అయ్యో, పోనీ ఈ ఒక్కసారికి... ఆ ఊగిసలాటలోనే ప్రేక్షకుడు ఆమె లోపలికి అడుగుపెడతాడు. మా పాత నాటకంలో లోపించింది ఇదే. ఆ భార్యకు దెబ్బలు తప్ప చెయ్యడానికి వేరే పని ఇవ్వలేదు మేము.

కాబట్టి బృందం కూర్చుని ముందు ఈ వాక్యాన్ని పూర్తి చెయ్యాలి: "ఫలానా మనిషి, ఫలానా సమయంలో, దీన్ని కాపాడుకోవడానికి దాన్ని వదులుకోవాలి." రెండు ఖాళీల్లోనూ ఆ మనిషి నిజంగా ప్రేమించేవే ఉండాలి. ఒకదాంట్లో మంచి, ఇంకోదాంట్లో చెడు ఉంటే అది ఇంకా నిర్ణయం కాలేదన్నమాట. నా అనుభవంలో ఈ ఒక్క వాక్యానికే వారం పడుతుంది. పట్టనివ్వండి.

మూడో అడుగు: వినండి, కానీ దోచుకోకండి

మనకు తెలియని జీవితం మీద రాస్తున్నప్పుడు ఊహ మీద ఆధారపడితే సినిమాల్లో చూసిన దుఃఖమే మళ్ళీ రాస్తాం. ఆ జీవితం గడిపినవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి.

ఇక్కడ గట్టిగా చెప్పుకోవాల్సిన ఉదాహరణ అమెరికాలోని లారమీ పట్టణం. 1998 అక్టోబర్‌లో మాథ్యూ షెపర్డ్ అనే స్వలింగ ప్రేమికుడైన విద్యార్థిని అక్కడ ఇద్దరు యువకులు దారుణంగా కొట్టారు. కొద్దిరోజులకే అతను చనిపోయాడు. దర్శకుడు మోయిసెస్ కాఫ్‌మన్ తన బృందంతో ఆ ఊరికి వెళ్ళి రెండు వందలకు పైగా ఇంటర్వ్యూలు చేశారు. వాటినుంచి తయారైన నాటకం 2000లో డెన్వర్‌లో మొదటిసారి ప్రదర్శించారు. ఆ నాటకంలో చనిపోయిన కుర్రాడు పాత్రగా కనిపించడు. కొట్టడమూ కనిపించదు. కనిపించేది ఊరు. పోలీసులు, బార్‌లో పనిచేసేవాళ్ళు, మతగురువులు, స్నేహితులు. ఎనిమిది మంది నటులే అరవైకి పైగా పాత్రలు వేస్తారు. ఇప్పుడు ద్వేషంగా మాట్లాడిన నోరే ఇంకాసేపట్లో దుఃఖంతో మాట్లాడుతుంది. ద్వేషించేవాళ్ళు వేరే జాతి మనుషులు కాదని చెప్పడానికి ఇంతకంటే సూటైన పద్ధతి నేను చూడలేదు.

వినడానికి వెళ్ళినప్పుడు "మీకు ఎలా అనిపించింది?" అని అడగకండి. ఆ ప్రశ్నకు అందరూ అరిగిపోయిన జవాబే చెబుతారు, పైగా గాయం రేగుతుంది. "ఆ రోజు పొద్దున్న ఏం చేస్తున్నారు?", "బెల్ మోగినప్పుడు చేతిలో ఏముంది?", "తర్వాత ముందుగా ఎవరితో మాట్లాడారు?" అని అడగండి. నాతో మాట్లాడిన ఒక తల్లి, గడియ వేసేటప్పుడు చప్పుడు కాకుండా ఇనుప పుల్ల కింద చీరకొంగు పెట్టేదాన్నని చెప్పింది. "వాడికి వినపడితే బాధపడతాడని" అంది. బంధిస్తున్న చెయ్యే ఆ చప్పుడును దాస్తోంది. పది పేజీల డైలాగులు చెప్పలేనిది ఆ కొంగు చెప్పింది. నాటకం మొత్తం దాని మీదే నిలబడింది. ఆ వివరం వాడుకోవచ్చా అని మళ్ళీ వెళ్ళి అడిగిన తర్వాతే రాశాను.

అలా అడగడం మర్యాద కోసం కాదు, అది ఈ పనికి పునాది. ఈ మాటలు పాటించండి. రికార్డు చేసే ముందు అనుమతి తీసుకోండి. ప్రదర్శన ముందురోజు వరకూ "వద్దు" అనే హక్కు వాళ్ళదేనని చెప్పండి. ఊరు, వృత్తి, వయసు, పిల్లల సంఖ్య మార్చండి. ఒకే కుటుంబం కథను యథాతథంగా కాకుండా రెండుమూడు కుటుంబాల వివరాలను కలపండి. రిహార్సల్‌కు వాళ్ళను పిలవండి. "ఇది తప్పు" అంటే తీసేయండి, అది మీకు ఎంత ఇష్టమైన సీను అయినా సరే. జబ్బులు, చట్టాలు వచ్చే చోట ఆ రంగంలో పనిచేసేవాళ్ళ చేత స్క్రిప్టు చదివించండి. మానసిక జబ్బు ఉన్నవాడంటే కత్తి పట్టుకుని తిరుగుతాడన్నట్టు రాస్తే, సహానుభూతి పేరుతో భయాన్ని అమ్మినట్టే.

నాలుగో అడుగు: దూరాన్ని కొలవండి

ఇరవై అయిదు వందల ఏళ్ళ కిందటి రెండు నాటకాల సంగతి చెబుతాను. ఈ అడుగంతా అందులోనే ఉంది.

క్రీస్తుపూర్వం 494లో పర్షియన్లు మిలేటస్ అనే గ్రీకు నగరాన్ని నేలమట్టం చేశారు. ఏథెన్స్ వాళ్ళకు అది అయినవాళ్ళ నగరం. కొద్దికాలానికే ఫ్రీనికస్ అనే నాటకకర్త ఆ పతనాన్నే నాటకంగా వేశాడు. ప్రేక్షకులంతా భోరుమన్నారు. ఆ తర్వాత ఏం జరిగిందో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు: తమ సొంత కష్టాలను గుర్తుచేశాడని ఏథెన్స్ ప్రజలు ఆ కవికి వెయ్యి ద్రాక్మాల జరిమానా వేసి, ఆ నాటకాన్ని ఇంకెవరూ ఆడకూడదన్నారు. గాయం మరీ పచ్చిగా ఉంది. చూసే దూరం లేదు.

క్రీస్తుపూర్వం 472లో అదే ఏథెన్స్‌లో ఎస్కిలస్ ఇంకో యుద్ధ నాటకం వేశాడు. సలామిస్ నౌకాయుద్ధంలో గ్రీకులు పర్షియన్లను ఓడించి అప్పటికి ఎనిమిదేళ్ళు. ఎస్కిలస్ స్వయంగా మారథాన్ యుద్ధంలో పర్షియన్లతో పోరాడినవాడు. ఆయన విజయోత్సవం రాయలేదు. కథను శత్రువు రాజధానిలో పెట్టాడు. కొడుకు కోసం ఎదురుచూసే రాజమాత అతోస్సాను, చనిపోయినవాళ్ళ పేర్లు చెప్పే దూతను, చిరిగిన బట్టలతో తిరిగొచ్చే రాజును చూపించాడు. తమ ఊరిని తగలబెట్టినవాళ్ళ తల్లుల ఏడుపును ఏథెన్స్ ప్రజలు కూర్చుని విన్నారు. ఆ ఏడాది పోటీలో మొదటి బహుమతి కూడా ఇచ్చారు.

మొదటి నాటకం ప్రేక్షకుడి దుఃఖాన్నే ప్రేక్షకుడికి తిప్పి కొట్టింది. రెండోది వేరే మనిషి దుఃఖం వైపు ఒక వంతెన వేసింది. మీ ప్రేక్షకుల్లో ఎక్కువమంది ఆ సమస్యను స్వయంగా అనుభవిస్తున్నారా, లేక బయటినుంచి చూస్తున్నారా అన్నదాన్ని బట్టి దూరం పెంచాలి, తగ్గించాలి. అనుభవించేవాళ్ళు ఎక్కువగా ఉంటే కథను వేరే కాలానికో వేరే ఊరికో తీసుకెళ్ళండి. సూత్రధారుణ్ణి పెట్టండి, పాట పెట్టండి, బొమ్మలతో ఆడించండి. జర్మన్ నాటకకర్త బెర్టోల్ట్ బ్రెష్ట్ ప్రేక్షకుణ్ణి కావాలనే కాస్త వెనక్కి నెట్టేవాడు, భావంలో కొట్టుకుపోకుండా "ఇలా ఎందుకు జరుగుతోంది?" అని ఆలోచించాలని. బయటినుంచి చూసేవాళ్ళు ఎక్కువగా ఉంటే మాత్రం దగ్గరికి రండి. వేదిక దిగి, వాళ్ళ కుర్చీల మధ్యే తలుపు పెట్టండి.

హింసను నేరుగా చూపించాలా అన్న ప్రశ్నకు నా జవాబు ఇప్పుడు స్పష్టం: వద్దు. గ్రీకు విషాదాల్లో చావులు సాధారణంగా తెర వెనకే జరిగేవి, దూత వచ్చి చెప్పేవాడు. దెబ్బ కంటే, ఆ చప్పుడు విన్న పక్కింటివాళ్ళు టీవీ సౌండ్ పెంచడం ఎక్కువ చెబుతుంది. ఎందుకంటే ప్రేక్షకుల్లో చాలామంది ఆ పక్కింటివాళ్ళే.

ఐదో అడుగు: రాసేటప్పుడు ఎవరి పక్షం వహించాలి?

న్యాయం పక్షం వహించండి, సందేహం లేదు. కానీ ప్రతి పాత్రకూ తన కారణం తనకుండాలి. మా నాటకంలో చుట్టంగా వచ్చే పెద్దాయన్ని మొదట కఠినాత్ముడిగా రాశాం. ప్రేక్షకులు హాయిగా ఆయన్ని తిట్టుకుని, తాము ఆయనలాంటివాళ్ళం కాదని నమ్మి వెళ్ళిపోయేవారు. తర్వాత ఆయనకు ఒక చిన్న మాట ఇచ్చాం, తన తమ్ముడూ ఇలాగే ఉండేవాడని, ఎక్కడికో వెళ్ళిపోయాడని. ఆ తర్వాత హాల్లో ఆయన మీద కోపం పోలేదు గానీ, ఆ కోపంలో ఒక ఇబ్బంది చేరింది. మాకు కావలసింది ఆ ఇబ్బందే.

లోకం చిన్నచూపు చూసే మనిషికి బాధే కాదు, బుర్ర కూడా ఇవ్వండి. 1892లో మొదటిసారి ప్రదర్శించిన కన్యాశుల్కంలో గురజాడ మధురవాణికి ఏమిచ్చారో చూడండి. సంఘం వేశ్య అని పక్కనపెట్టిన స్త్రీకి తెలివి, చమత్కారం, మంచీచెడూ తూచే శక్తి ఇచ్చారు. పెద్దమనుషులు ఆమె ముందు వెలవెలబోతారు. ఆమె మీద జాలిపడే అవకాశం ఆయన మనకు ఇవ్వలేదు. నవ్వుతూ నవ్వుతూ ఆమెను గౌరవించడం మొదలుపెడతాం. కష్టమైన విషయం కదా అని నవ్వును బయటికి గెంటేయకండి. మా నాటకంలో కొడుకు పాత్రకు అందరికంటే చురుకైన మాటలు ఇచ్చాం. అతను నవ్వించినప్పుడు హాలు అతనివైపు తిరిగింది. ఆ తర్వాత గడియ పడినప్పుడు, అది వాళ్ళకు తెలిసిన మనిషి మీద పడింది.

ముగింపును మెత్తబరచమని ఒత్తిడి వస్తుంది. నార్వే నాటకకర్త ఇబ్సెన్ నాటకం "ఎ డాల్స్ హౌస్" 1879లో వచ్చింది, చివర్లో నోరా భర్తను, పిల్లల్ని విడిచి వెళ్ళిపోతుంది. జర్మనీలో ఒక ప్రముఖ నటి పిల్లల్ని వదిలే తల్లిగా నటించనంది. వేరెవరో మార్చేకంటే నయమని ఇబ్సెన్ తానే నోరా ఆగిపోయే ముగింపు రాసిచ్చాడు. అది తన నాటకం మీద జరిగిన దౌర్జన్యమేనని కూడా ఆయన చెప్పుకున్నాడు. ఈరోజు దాదాపు అందరూ ఆడేది మొదటి ముగింపునే. సమస్య బయట పరిష్కారం కానప్పుడు వేదిక మీద పరిష్కరిస్తే, ప్రేక్షకుడు ఆ భారాన్ని మీ దగ్గరే వదిలేసి వెళ్తాడు.

ఆరో అడుగు: రిహార్సల్‌లో ముందు మీరే మారాలి

స్క్రిప్టు చేతికివ్వక ముందు వారం రోజులు మాటల్లేకుండా పనిచేయండి. తల్లి, కొడుకు, చుట్టం, ముగ్గురినీ శిల్పాల్లా నిలబెట్టి, ఎవరి కళ్ళు ఎటు చూస్తున్నాయో బృందం చేత చెప్పించండి. తర్వాత ఒక నటుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, పాత్రగానే ప్రశ్నలకు జవాబు చెప్పించండి. "ఆ గది తాళంచెవి రాత్రి ఎక్కడ పెడతావు?" లాంటి ప్రశ్నలు. ఆ తర్వాత పాత్రలు మార్చండి. తల్లి వేసేవాళ్ళు కనీసం మూడు రోజులు కొడుకు వెయ్యాలి, గది లోపల కూర్చుని గడియ చప్పుడు వినాలి.

నటుల మనసును కూడా చూసుకోవాలి. బృందంలో ఎవరికైనా ఆ సమస్య సొంతదై ఉండొచ్చు. ఆ పాత్ర వెయ్యమని ఎవరినీ బలవంతపెట్టకండి, "నువ్వైతే సహజంగా చేస్తావు" అని అసలే అనకండి. రోజూ రిహార్సల్ అయ్యాక పాత్రను విడిచే అలవాటు పెట్టుకోండి. చొక్కా మార్చడం, మొహం కడుక్కోవడం, సొంత పేరు పైకి చెప్పి ఆ రోజు సాయంత్రం చెయ్యబోయే పని ఒకటి చెప్పడం. చిన్నవే గానీ ఇవి చెయ్యని బృందంలో నెల తిరిగేసరికి మనుషులు అలసిపోయి ఒకరిమీద ఒకరు విసుక్కోవడం చూశాను.

ఏడో అడుగు: ప్రదర్శన రోజు

లేచి వెళ్ళిపోయిన ఆ అమ్మాయిని దృష్టిలో పెట్టుకుని ఈ పనులు చేస్తున్నాం. నాటకం దేని గురించో ముందే చెబుతాం. మధ్యలో వెళ్ళొచ్చు, మళ్ళీ రావొచ్చు అంటాం. తలుపు దగ్గర వరసల్లో కొన్ని కుర్చీలు ఖాళీగా ఉంచుతాం. బయట నెమ్మదిగా మాట్లాడగలిగిన ఒక మనిషిని, వీలైతే కౌన్సెలింగ్ తెలిసినవారిని కూర్చోబెడతాం. సాయం దొరికే చోట్ల వివరాలున్న కాగితం అందరికీ ఇస్తాం. అడిగినవాళ్ళకే ఇస్తే, అడగడమే ఒక ప్రకటన అయిపోతుంది.

ఎనిమిదో అడుగు: చప్పట్ల తర్వాత

నాటకం అవగానే మైకు పట్టుకుని "దీనివల్ల మనం నేర్చుకోవలసింది ఏమిటంటే" అనకండి. అంతవరకూ ప్రేక్షకుడు తనలో తాను కట్టుకున్నది ఆ ఒక్క వాక్యంతో కూలిపోతుంది. రెండు నిమిషాలు నిశ్శబ్దం ఉంచండి. తర్వాత పక్కవాళ్ళతో ఇద్దరిద్దరుగా మాట్లాడుకోనివ్వండి. అప్పుడే అందరినీ అడగండి, అదీ ఈ వరుసలో: మీకు గుర్తుండిపోయిన వస్తువు ఏది? ఎక్కడ మీకు కోపం వచ్చింది, ఎవరి మీద? ఆ తల్లికి తెలిసి మనకు తెలియనిది ఏమై ఉంటుంది? మూడో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగండి. సొంత కథ చెప్పమని ఎవరినీ అడగకండి. చెబితే వినండి, చప్పట్లు కొట్టించకండి.

మార్పు నిజంగా వచ్చిందా అన్న ప్రశ్న న్యాయమైనదే. స్టీవ్ రాత్జే, లియోర్ హాకెల్, జమీల్ జాకీ 2021లో ప్రచురించిన పరిశోధనలో నాటకం చూడబోయేవాళ్ళనూ, చూసి వచ్చినవాళ్ళనూ పోల్చారు. చూసి వచ్చినవాళ్ళలో నాటకంలో కనిపించిన వర్గాల మీద సహానుభూతి పెరిగింది, సామాజిక విషయాల మీద వాళ్ళ అభిప్రాయాల్లోనూ తేడా కనిపించింది, సేవాసంస్థలకు ఎక్కువ విరాళాలూ ఇచ్చారు. మీరూ చిన్నగా కొలవొచ్చు. లోపలికి వచ్చేటప్పుడు ఒక కాగితం మీద "ఇలా గడియ వేసే తల్లి గురించి ఒక్క మాట రాయండి" అని అడగండి. వెళ్ళేటప్పుడు అదే అడగండి. మావాటిలో ముందు కాగితాల్లో "తప్పు", "అన్యాయం" లాంటి తీర్పులు ఎక్కువ. తర్వాతి కాగితాల్లో ప్రశ్నలు ఎక్కువ. ఒప్పుకున్నవాళ్ళకు నెల తర్వాత ఫోన్ చేసి, ఈ మధ్యలో ఎవరితోనైనా దీని గురించి మాట్లాడారా అని అడగండి. నాకు అన్నిటికంటే నమ్మకమైన కొలత అదే.

తొమ్మిదో అడుగు, తొందరపడి వెయ్యకండి: ప్రేక్షకుణ్ణి వేదిక మీదికి పిలవడం

పైవన్నీ చేతికి అలవాటయ్యాకే దీనికి రండి.

బ్రెజిల్ దర్శకుడు అగస్టో బోల్ మొదట్లో మనందరిలాగే సందేశ నాటకాలు వేసేవాడు. ఒకసారి పేద రైతుల ముందు, భూమి కోసం రక్తం చిందించాలి అని చేతుల్లో తుపాకులతో పాడారట. అది విన్న ఒక రైతు కదిలిపోయి, అయితే పదండి, మా భూమి లాక్కున్నవాళ్ళ మీదికి వెళ్దాం అన్నాడు. ఇవి నాటకం తుపాకులు అని వీళ్ళు నీళ్ళు నమిలారు. మా దగ్గర నిజమైనవి ఉన్నాయి, మీరు రండి చాలు అన్నాడతను. మేం నటులం అని చెప్పేసరికి, చిందించాలన్న ఆ రక్తం ఎవరిదో ఆ రైతుకు అర్థమైపోయింది. తాము మొయ్యని ప్రమాదాన్ని ఇంకొకరికి సలహాగా ఇవ్వకూడదని బోల్ అక్కడ నేర్చుకున్నాడు. 1971లో సైనిక ప్రభుత్వం ఆయన్ని అరెస్టు చేసి హింసించింది. ప్రవాసానికి వెళ్ళాడు. 1973లో పెరూలో పనిచేస్తున్నప్పుడు, తాను చెప్పినట్టు నటి చెయ్యడం లేదని విసిగిన ఒక ప్రేక్షకురాలు తానే వేదిక ఎక్కి చేసి చూపించింది. ఫోరం థియేటర్‌కు దారి వేసిన సంఘటనల్లో అదొకటి.

ఫోరం థియేటర్ పద్ధతి ఇది. చెడుగా ముగిసే పది, పదిహేను నిమిషాల నాటకం ఒకసారి ఆడతారు. వెంటనే మళ్ళీ మొదలుపెడతారు. ఈసారి ఎవరైనా "ఆపండి" అని, అణచివేతకు గురవుతున్న పాత్ర స్థానంలోకి వచ్చి వేరేలా ప్రయత్నించొచ్చు. మిగతా నటులు నిజజీవితంలో ఎంత అడ్డుపడతారో అంతే అడ్డుపడాలి, తేలిగ్గా లొంగకూడదు. జోకర్ అనే మధ్యవర్తి ఉంటాడు. తప్పొప్పులు చెప్పడు, "ఇది నిజంగా జరిగే పనేనా?" అని సభనే అడుగుతాడు. చుట్టానికి ఒక్క మాటతో జ్ఞానోదయమైపోతే అది మంత్రం, పరిష్కారం కాదు. అణచివేసేవాడి పాత్రను మార్చడానికి అనుమతించకండి. అతను మంచివాడైపోతే ఇక ఆలోచించడానికి ఏమీ మిగలదు. ఇదే బోల్ 1993 నుంచి 1996 వరకూ రియో డి జనీరో నగర సభ సభ్యుడిగా ఉన్నప్పుడు, ఇలాంటి ప్రదర్శనల్లో ప్రజలు చెప్పిన వాటినుంచి పదమూడు చట్టాలు వచ్చాయి. అంటే ఆ ప్రయత్నాలను ఎవరో ఒకరు రాసుకోవాలి. మీ బృందంలో ఆ పని ఒకరికి అప్పగించండి.

మా నాటకానికి ఒక చిక్కు వచ్చింది. లోకం ముందు తల్లి అణగిపోయిన మనిషే, కొడుకు ముందు మాత్రం గడియ ఆమె చేతిలోనే ఉంది. ఇద్దరి స్థానంలోకీ రావొచ్చని చెప్పాం. మొదటి రెండు ప్రదర్శనల్లో తల్లి స్థానంలోకి తొమ్మిది మంది వచ్చారు. ఒకరు చుట్టాలకు కొడుకును పరిచయం చేశారు. ఒకరు తలుపే తియ్యలేదు. ఒక పెద్దావిడ గడియ మీద చెయ్యి పెట్టి, చాలాసేపు అలాగే నిలబడి, ఏమీ చెయ్యకుండా దిగిపోయింది. కొడుకు స్థానంలోకి మాత్రం ఒక్కరూ రాలేదు.

మూడో ప్రదర్శనలో వెనక వరసలోంచి ఒక కుర్రాడు లేచాడు. గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. బెల్ మోగింది, తల్లి కొంగు అడ్డం పెట్టి చప్పుడు కాకుండా గడియ వేసింది. అతను లోపలినుంచి తలుపు మీద ఒకే ఒక్కసారి, వేలితో నెమ్మదిగా తట్టాడు. చుట్టాలకు వినపడదు, తలుపు పక్కనే ఉన్న తల్లికి మాత్రం వినపడుతుంది. ఏం చెప్పాలనుకున్నావని జోకర్ అడిగితే, "గడియ వేసినట్టు నాకు తెలుసని" అన్నాడు. అప్పటినుంచి ఆ తట్టు మా స్క్రిప్టులో ఉంది. కొంగు వివరం చెప్పిన తల్లిని తర్వాతి ప్రదర్శనకు పిలిచాం. ఆమె తలుపు దగ్గర వరసలో కూర్చుని చివరిదాకా చూసింది.